నలభై నిమిషాల వెల్ష్

రిల్, వేల్స్, అక్టోబరు 20

అమ్మమ్మా,

నీకు ఫోన్లో మాట వినపడదు కాబట్టే ఇదంతా రాయగలుగుతున్నాను. వినపడితే నా గొంతు నన్ను పట్టించేసేది.

ఒక మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూకి పిలిచింది. డిసెంబరు పన్నెండున. అమ్మ వీధంతా చెప్పేసింది. పోయినేడు నాలుగు కాలేజీలూ కాదన్నాయి కదా. "మార్కులు బాగున్నాయి, మనుషులతో పనిచేసిన అనుభవం చాలదు" అని ఒకళ్ళు రాశారు. అమ్మ నా హాకీ కప్పులు చూసి, "వీటితో ఎవడి జ్వరం తగ్గుతుందే?" అంది. అందుకే జూలై నుంచి ముసలివాళ్ళ హోమ్‌లో జీతం లేకుండా పనిచేస్తున్నాను.

చేరేటప్పుడు ఫారంలో 'వెల్ష్ భాష వచ్చా?' అని అడిగారు. టిక్ పెట్టాను. నాకు వచ్చింది పది మాటలు. నువ్వు మా ఇంటికొచ్చి వెల్ష్‌లో మొదలెడితే అమ్మ టీవీ సౌండు పెంచేది, గుర్తుందా? "ఇంగ్లీషు మీడియం పిల్ల, దాన్ని చెడగొట్టకు" అనేది. ఫారం ఇచ్చిన మర్నాడే నా చొక్కాకి నారింజ రంగు బ్యాడ్జీ పెట్టారు. వెల్ష్ వచ్చినవాళ్ళకి పెట్టేది.

ఇక్కడ మోర్విద్ పారీ అనే ఆవిడకి తొంభై ఒకటి. మతిమరుపు ముదిరి ఇంగ్లీషంతా పోయింది, చిన్నప్పటి వెల్ష్ ఒక్కటే మిగిలింది. అది ఇంకెవరికీ రాదని, మంగళవారం మధ్యాహ్నాలు నన్ను ఆవిడ పక్కన కూర్చోబెడతారు. ఆవిడ మాట్లాడుతుంది, నేను అవునవునని తలూపుతాను. నవ్వుతుంది. 'రోగిని మాతృభాషలో ఓదారుస్తాను' అని కాలేజీకి రాసేశాను.

ఇక్కడ రాత్రి డ్యూటీ చేసే రుటెండోది జింబాబ్వే. మనిషిని నొప్పి తెలీకుండా పక్కకి తిప్పడం ఆవిడే నేర్పింది. "డాక్టరమ్మా, చేతులతో కాదు, నడుముతో! రేపు నా నడుముకి నువ్వే మందు రాయాలి" అంటుంది.

ఎవరికీ చెప్పకు.

టెగన్

రిల్, నవంబరు 23

అమ్మమ్మా,

నాకు భయమేస్తోంది.

మంగళవారం మిసెస్ పారీ నవ్వలేదు. నా మణికట్టు పట్టుకుని 'బ్రీవో, బ్రీవో' అంటూనే ఉంది. ఎవరి పేరో అనుకున్నాను. అవునవునన్నాను. హోమ్ డైరీలో ఆవిడ గురించి ఏం రాశానో తెలుసా? 'నలభై నిమిషాలు వెల్ష్‌లో హాయిగా మాట్లాడింది. నొప్పులేమీ లేవు.'

బుధవారం పొద్దున లేపబోతే కేక పెట్టింది. తుంటి విరిగింది. ఎప్పుడు పడిందో ఎవరికీ తెలీదు. మేనేజరు మిసెస్ హల్స్ డైరీలో నేను రాసిన పేజీ తెరిచి, అందరి ముందూ రుటెండోని నిలదీసింది.

"మధ్యాహ్నం నొప్పి లేదని వెల్ష్ వచ్చిన పిల్ల రాసింది. అంటే రాత్రే పడింది. నువ్వేం చేస్తున్నావ్?"

"నేను వచ్చేసరికే ఆవిడ మూలుగుతోంది మేడమ్. అలవాటేగా అన్నారు పగటివాళ్ళు."

"ఎవరన్నారు?"

ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు. రుటెండోని పనిలోంచి ఆపేశారు. ఈ ఉద్యోగం మీదే ఆవిడ వీసా. విచారణలో తేలేదాకా అంతే.

ఇంటికొచ్చి ఆ మాటకి అర్థం వెతికాను. నొప్పి.

ఇంటర్వ్యూ అయ్యాక వాళ్ళకి నిజం చెప్తాను అమ్మమ్మా. ఇరవై రోజులే కదా? నువ్వు జవాబు రాయొద్దు. అమ్మ విప్పుతుంది.

టెగన్

రిల్, డిసెంబరు 8

అమ్మమ్మా,

మిసెస్ పారీ చనిపోయింది. మొన్న శుక్రవారం చాపెల్‌లో, వాళ్ళ చిన్న చర్చిలో, అంత్యక్రియలు జరిగాయి. హోమ్ తరఫున నన్ను పంపారు.

టీ ఇచ్చేచోట ఆవిడ కూతురు ఎలినెడ్ నా దగ్గరికొచ్చింది. న్యూజిలాండ్ నుంచి దిగి రెండు రోజులయిందట. నా రెండు చేతులూ పట్టుకుని వెల్ష్‌లో ఏదో అడిగింది. నాకు తెలీకుండానే తల ఊగింది. ఆవిడ ఇంకా ఎదురుచూస్తోంది. అది అవును, కాదు అనే ప్రశ్న కాదు.

"నాకు వెల్ష్ రాదు" అన్నాను.

ఇంగ్లీషులోకి మారింది. "అమ్మ ఆఖరుసారి నీతోనే మాట్లాడిందన్నారు. నలభై నిమిషాలు. ఏం చెప్పిందమ్మా?"

'మీ గురించే చెప్పింది' అనొచ్చు. ఎవరు పట్టుకుంటారు?

"నొప్పి అంది. అదొక్కటే. నాకు అర్థం కాలేదు. హాయిగా ఉందని రాశాను."

చేతులు వదిలేసింది. తిట్టలేదు. కుర్చీ వెతుక్కుని కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను.

జరిగినదంతా కాగితం మీద రాసుకుని నిన్న రుటెండో ఇంటికెళ్ళాను. తలుపు సగమే తీసింది.

"ఎందుకొచ్చావ్?"

"సారీ చెప్పడానికి."

"అది నీకు పనికొస్తుంది. నాకు పనికొచ్చేదేమైనా తెచ్చావా?"

కాగితం ఇచ్చాను. గుమ్మంలోనే రెండుసార్లు చదివింది.

"ఏ రోజో రాయలేదు. ఎన్ని గంటలకో రాయలేదు. సంతకం కూడా లేదు. దీన్ని ఎవడు నమ్ముతాడు? రా లోపలికి, పెన్నిస్తాను."

వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాను. ఆవిడ పక్కనే నిలబడి ప్రతి వాక్యం చూసింది. 'నాకు వెల్ష్ రాదు' అన్నచోట ఆపి, "ముందు అది రాయి. అన్నిటికన్నా పైన" అంది. మళ్ళీ మొదటినుంచి రాశాను. ఒక ప్రతి విచారణకి, ఒకటి ఎలినెడ్‌కి, ఒకటి కాలేజీకి. మూడూ పోస్టులో వేశాకే అమ్మకి చెప్పాను. ఇంకా నాతో మాట్లాడలేదు. పన్నెండో తారీఖున నేను ఎక్కడికీ వెళ్ళడంలేదు.

ఈసారి జవాబు రాయి. అమ్మ విప్పినా పర్వాలేదు.

నీ టెగన్