దంతపు గాజుల కేసు

మామా,

ఈరోజు కోర్టు నీ తమ్ముడు శీనయ్యను నిర్దోషి అని వదిలేసింది. బళేపేట అంగట్లో మీరిద్దరూ ఏనుగు దంతం గాజులు అమ్మిన రోజుల్లో అది నేరం కాదని, తర్వాత వచ్చిన చట్టంతో పాత అమ్మకానికి శిక్ష వేయకూడదని జడ్జి చెప్పారు. నువ్వు పోయాక నీ పేరు కేసులోంచి తీసేశారు కదా, అందుకే తీర్పులో నీ మాటే రాలేదు. నాకు మనసు ఒప్పక లేచి నిలబడ్డాను.

"సామీ, మా ఇంటాయన కూడా తప్పు చేయలేదు గదా?"

లాయరు కూర్చోమని సైగ చేశాడు. జడ్జి మాత్రం కళ్ళజోడు తీసి నా వైపు చూశారు.

"లేదమ్మా, ఆయన కూడా ఏ తప్పూ చేయలేదు."

మెట్ల దగ్గర శీనయ్య నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"విన్యావా వదినా? అన్న కూడా బయటికొచ్చినాడు."