చెరువు గట్టు మీద వైవా కోరుతూ

మహారాజశ్రీ విశ్వవిద్యాలయ పరీక్షల నియంత్రణాధికారి వారి సముఖమునకు,

మండవల్లి మండలంలో చేపల చెరువుల ఏరేటర్ల మరమ్మతు షెడ్డు నడుపుకొను నేలపాటి ఎలీయాజరు రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా అన్నగారి అమ్మాయి జాయ్సీకి బి.టెక్. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులో "అవుట్‌కమ్ సిద్ధించలేదు" అని వేసిన మార్కును రద్దుచేసి, తిరిగి వైవా జరిపించుట గురించి.

ముందుగా సమస్త ప్రజానీకానికీ, ముఖ్యంగా తమ ఆఫీసులో తపాలా విప్పు గుమాస్తా గారికీ ఇందుమూలముగా ప్రకటించునది ఏమనగా: ఈ అర్జీదారు ఈ ఉదయం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నాలుగు కాళ్లూ సమంగా ఉన్న కుర్చీలో కూర్చుని, టీ అయినా తాగకుండా ఈ అర్జీ రాయుచున్నాడు. ఊళ్లో నాకు వేళాకోళాలవాడనే పేరు ఉన్నందున ఈ సంగతులు రికార్డులో ఉండుట అవసరమని భావించితిని.

కాగితం టైపు చేయించలేదు. కైకలూరులో నెట్ సెంటరు కుర్రవాడు మా పిల్ల కాలేజీలో చదివినవాడే, సంగతి అక్కడికి చేరునని అనుమానం. కాలేజీ పేరు కూడా ఇందులో రాయలేదు, తాడేపల్లిగూడెం వైపు ఉన్నదని మాత్రం మనవి. పూర్తి పేరు పిల్ల హాల్ టికెట్ నకలులో ఉన్నది, కవరు అడుగున చూడగలరు. నేను ఇంటర్ మధ్యలో మానేసినవాడను గనుక అక్షర దోషాలు మన్నించవలెను. వాటిని సాకుగా చూపి అర్జీ తిప్పి పంపుతారేమోనన్న అనుమానం కూడా నాకు లేకపోలేదు.

1. జాయ్సీ మా అన్న ప్రభుదాసు కూతురు. మా అన్న పరాయివాళ్ల చెరువుల మీద పడవలో తిరిగి చేపలకు మేత వేయును. పిల్ల ఎలక్ట్రానిక్స్ చదివినది. ఏలూరులో చెరువుల పరికరాలు తయారుచేయు కంపెనీవారు ఉద్యోగం ఇస్తామన్నారు. అయితే ఈ జూన్ నెలాఖరులోగా డిగ్రీ పాసైనట్టు చూపించమన్నారు. పేపర్లన్నీ పాసే. ఒక్క ప్రాజెక్టు వద్ద ఆపి, వచ్చే ఏడు బ్యాచ్‌తో కలిసి మళ్లీ చేసుకోమన్నారు. వచ్చే ఏటికి ఆ ఉద్యోగం కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉందురు. అసలు బాధ ఇది. ఇక మీదట రాయబోవునవి అనుమానాలు.

2. సదరు కాలేజీలో అవుట్‌కమ్ అను ఒక పద్ధతి ఉన్నది. ఫలానా పాఠం చదివితే పిల్లకు ఫలానాది చేతకావాలి అని ముందే రాసుకుని, ఆఖరున చేతనయిందా లేదా అని కొలిచి, మూడుకు ఇంత అని అంకె వేయుదురు. పద్ధతిని నేను తప్పు పట్టను. మా షెడ్డులోనూ అంతే, మోటారు తిరిగిందా లేదా అన్నదే లెక్క. అయితే ఆ అంకెలను ఫ్రేము కట్టించి డిపార్టుమెంటు గుమ్మం పక్కన వేలాడదీసినారు. పిల్లను దింపడానికి వెళ్లినప్పుడల్లా చదివినాను. ఏ ఏడు చూసినా రెండు పాయింటు ఎనిమిది. కొల్లేరు పొంగి, రోడ్లు మునిగి, మా వైపు పిల్లలు కాలేజీ మొహం చూడని ఏడు కూడా రెండు పాయింటు ఎనిమిదే. జ్వరం ఉన్నా లేకున్నా ఒకే అంకె చూపించే థర్మామీటరును మా ఊరి ఆరెంపీ డాక్టరు కూడా నోట్లో పెట్టడు.

3. సదరు అనుమానం నివృత్తి చేసుకొనుటకై, గత ఫిబ్రవరిలో ఆ కాలేజీవారు ప్రాజెక్టుల ప్రదర్శన పెట్టి తల్లిదండ్రులను పిలిచినప్పుడు నేనును వెళ్లితిని. వెంట ఒక అట్టపెట్టె, పాత ఫ్యాను రెగ్యులేటరు, ఒక ఆకుపచ్చ బల్బు తీసుకువెళ్లితిని. ఖాళీగా ఉన్న బల్ల మీద వాటిని అమర్చి, చేతులు కట్టుకుని నిలబడితిని. రెగ్యులేటరు తిప్పితే బల్బు వెలుగును. అంతకు మించి ఆ పెట్టె ఏ పాపమూ ఎరుగదు. డిపార్టుమెంటు హెడ్డు శ్యామ్ సుందర్ గారు మార్కుల కాగితాలు పట్టుకుని వచ్చినారు. సంభాషణ యథాతథంగా:

"ఏవండీ, ఈ బ్యాచ్ పిల్లలేరండీ?"

"టిఫినుకెళ్లారండి. నేను వీళ్ల ఇండస్ట్రీ మెంటర్నండి."

"ఓహో. ఏ కంపెనీ అండీ?"

"కొల్లేరు బెల్టంతా మనం చూసేదేనండి."

"ప్రాజెక్టు ఏంటండీ?"

"సుస్థిరమైన వెలుగండి. పర్యావరణానికి ఏ హానీ ఉండదండి."

"సొసైటీకి ఉపయోగం?"

"చీకట్లో ఉన్నవాళ్లకి చాలా ఉపయోగమండి."

"టీమ్ వర్కు ఎలా చేశారండీ?"

"పెట్టె ఒకళ్లు తెచ్చారండి, బల్బు ఒకళ్లు తెచ్చారండి."

ఆయన పెట్టె మూత తీయలేదు. అన్ని గళ్లలోనూ మూడుకు మూడు వేసి, వెరీ గుడ్ అని రాసి, "పేటెంటుకి ట్రై చేయించండి" అని భుజం తట్టి వెళ్లిపోయినారు. ఆ మార్కుల కాగితం నకలు జతపరిచినాను. నేను అక్కడితో ఊరుకొని ఉండవచ్చును. ఊరుకోక, కాగితం ఒక చేత్తో, పెట్టె ఒక చేత్తో పట్టుకుని ఫోటో దిగి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టితిని. అది చేతులు మారి మారి తాడేపల్లిగూడెం చేరినది.

4. ఇక జాయ్సీ ప్రాజెక్టు. చేపల చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గును. అప్పుడు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుచును. వెంటనే ఏరేటర్లు వేసి నీళ్లు చిలికితే సరి, ఆలస్యమైతే చచ్చి తేలును. అందుకని జాయ్సీ, హేమంత్‌కుమార్, కుసుమ అను ముగ్గురు కలిసి ఒక యంత్రం చేసినారు. దాని తీగ నీళ్లలో వేలాడదీస్తే, ఆక్సిజన్ పడిపోగానే గట్టు మీదవారి ఫోను మోగవలెను. ఏప్రిల్‌లో వైవా జరిగినది. యంత్రం ఒకటే, రిపోర్టు ఒకటే, అడిగినవారూ వారే. హేమంత్‌కుమార్‌కు సిద్ధించినది. కుసుమకు సిద్ధించినది. మా పిల్లకు మాత్రం సిద్ధించలేదు. నేను వెళ్లి శ్యామ్ సుందర్ గారిని కలిసితిని.

"అదేంటండీ, ముగ్గురిదీ ఒకే మిషను కదండీ?"

"వైవాలో చెప్పిన సమాధానాలను బట్టి వేస్తామండి."

"మా పిల్ల ఏం చెప్పిందండీ?"

"అవి బయటికి చెప్పకూడదండి. మీ అమ్మాయినే అడగండి." ఆగి, నన్ను పైనుంచి కిందికి చూసి, "అయినా ఇండస్ట్రీ మెంటరు గారు కదా, మీకు తెలియనిదేముందండీ!" అని నవ్వినారు.

ఆ నవ్వులో నా ఆకుపచ్చ బల్బు వెలిగినది. పిల్లను అడిగితే "నేను చెప్పాల్సింది చెప్పాను బాబాయ్" అని లోపలికి వెళ్లిపోయినది. నా మీది కోపం ఆ పిల్ల మీద తీర్చుకున్నారని నా గట్టి అనుమానం. వేళాకోళం ఆడినది నేను గనుక శిక్ష ఏదైనా నాకు వేయవలెను. నాకు డిగ్రీ లేదు గనుక ఆపడానికీ వీలుపడకపోవచ్చును.

5. యంత్రము పనిచేయలేదని సదరు హెడ్డు గారు తమకు చెప్పవచ్చును గనుక ముందే మనవి చేయుచున్నాను. మార్చి నెలలో, మా అన్న మేత వేయు తాతారావు గారి చెరువులో ఆ యంత్రము కట్టినారు. ఒకనాడు ఇంకా తెల్లారకముందే ఫోను గణగణ మోగినది. మా అన్న పరుగెత్తి ఏరేటర్లన్నీ వేసినాడు. ఒక బొచ్చె చేప గానీ ఒక శీలావతి చేప గానీ వెల్లకిలా పడలేదు. తాతారావు గారు గట్టు మీద నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుని "అమ్మా, నా చెరువు నిలబెట్టావు తల్లీ" అన్నారు.

6. మా వైపు చేపలు కొనుటకు వచ్చిన వ్యాపారి, చెరువుగలాయన చూపించిన మూలలో వల వేయించడు. ముందురోజు ఆ మూలనే మేత పోసి ఉందురని, బలిసిన చేపలన్నీ అక్కడే తిరుగునని అతనికి తెలుసు. అందుచేత తానే ఇంకొక మూల చూపించి, విసురువల వేయించి, పడినవాటిని తూచి అప్పుడు బేరమాడును. కాలేజీలను తనిఖీ చేయు కమిటీవారు మాత్రం యాజమాన్యం వరసగా కూర్చోబెట్టిన పిల్లలనే ప్రశ్నలడిగి, జీడిపప్పు తిని వెళ్లుదురని వినికిడి. ఈ అర్జీని కూడా తమ ఆఫీసువారు విచారణ నిమిత్తం ఆ శ్యామ్ సుందర్ గారికే పంపుదురని నాకు అనుమానం. అట్లు చేయుటకే నిశ్చయించినచో నాకే ఇప్పించగలరు. నేను వెళ్లి ఆయన బల్ల మీద పెట్టి వచ్చెదను, కనీసం ఆయన మొహం చూచిన తృప్తి అయినా దక్కును.

కావున ప్రార్థించునది: ఆ కాలేజీకి సంబంధం లేని ఎగ్జామినరు గారిని ఒకరిని ఈ నెలలోనే పంపి, మా చెరువు గట్టు మీద జాయ్సీకి తిరిగి వైవా జరిపించవలెను. యంత్రం ఎదురుగా పెట్టి, ఏది అడగదలచిన అది అడగవచ్చును. గొడుగు, కుర్చీ, కొబ్బరినీళ్లు మా బాధ్యత. చేపల పులుసు మాత్రం మార్కులు వేసి సంతకం చేసిన తర్వాతనే. ముందుగా వడ్డిస్తే అది ఇంకొక అర్జీకి విషయమగును.

రాసినది రాసినట్టుగాను, రాయనిది తమకు తోచినట్టుగాను చిత్తగించవలెను.

అనుమానం ఎంత ఉన్నా తమ విధేయుడే అయిన,
నేలపాటి ఎలీయాజరు

తా.క.: కవరు అంటించబోవుచుండగా జాయ్సీ వచ్చి, చదివి గానీ పంపవద్దన్నది. అట్టపెట్టె దగ్గర నవ్వినది. ఐదో అంశం దగ్గర నవ్వు ఆపినది.

"ఇదెప్పుడు జరిగింది బాబాయ్?"

"జరగాల్సిందే కదే. కాస్త ముందుగా రాశాను."

"మోగలేదు కదా."

"మోగలేదని రాస్తే నీకు వైవా ఎవడు పెడతాడే?"

"మరి వాళ్ల రెండు పాయింటు ఎనిమిదికీ నీ గణగణకీ తేడా ఏంటి?"

కావున యథార్థం మనవి చేయుచున్నాను. ఐదో అంశంలో యంత్రం కట్టిన మాట తప్ప మిగిలినది నా కల్పన. ఫోను మోగలేదు. చెరువు అవతలి వైపున కొంగలు గుంపుగా వాలుట చూసి మా అన్న పరుగెత్తినాడు. అప్పటికే చచ్చి తేలిన చేపలతో ఆ పక్క నీళ్లు తెల్లగా ఉన్నవి. తాతారావు గారు కళ్లనీళ్లు పెట్టుకున్న మాట నిజము. ఆయన నోట వచ్చిన మాటలు మాత్రం అవి కావు, తమబోటి పెద్దలకు రాయదగినవీ కావు.

తీగ కట్టినది జాయ్సీయే. ఆసరాగా ఉన్నదని, రోజూ తిరిగే ఏరేటరు గుంజకే కట్టినది. ఏరేటరు నీళ్లు చిలుకు చోట ఆక్సిజన్ ఎప్పుడూ నిండుగానే ఉండును. యంత్రం చెప్పిన అంకె తప్పు కాదు, అది చూసిన చోటు తప్పు. వైవాలో మిగిలిన ఇద్దరూ "పని చేసిందండి" అన్నారట. జాయ్సీ మాత్రం "పని చేయలేదండి, ఎందుకంటే" అని బోర్డు మీద చెరువు బొమ్మ వేయబోయినదట. "పని చెయ్యని ప్రాజెక్టుకి మార్కులెలా వేస్తామమ్మా" అని కూర్చోమన్నారట. నా బల్బు సంగతి అక్కడ ఎవరూ ఎత్తనే లేదట. ఇది నాకు కొంచెం చిన్నతనంగానే ఉన్నది.

హేమంత్‌కుమార్, కుసుమల మార్కులు కదపవద్దని, వాళ్లూ కష్టపడ్డారని పిల్ల మనవి.

మొత్తం చింపి తిరగరాస్తానన్నాను. ఒప్పుకోలేదు.

"తప్పు రీడింగు వస్తే చెరపకూడదు బాబాయ్. ఒక్క గీత గీసి, కింద సరైనది రాయాలి. ఏం తప్పు పడిందో చూసేవాళ్లకి కనబడాలి."

"ఇదెవరు నేర్పారే నీకు?"

"శ్యామ్ సుందర్ సారే. ఫస్టియర్ ల్యాబులో."

అంతట ఐదో అంశం మీద ఒక్క గీత గీసితిని, అక్షరాలు చదువుటకు వీలుగానే ఉన్నవి. ప్రార్థన మీద మాత్రం గీత లేదు, గమనించగలరు.