ఒక్కసారే చూసిన నీళ్లు

సిద్దిపేట, మంగళవారం రాత్రి

ఇవాళా తప్పు దొరకలేదు. బోరులో నీళ్లు అయిపోతే మోటరు కాలిపోకుండా ఆపాలని నేను చేసిన డబ్బా, బల్ల మీద పరీక్షిస్తే ఆపడం లేదు. నీళ్లున్నాయా అని ప్రతిసారీ చూడమని ప్రోగ్రాంలో రాశాను. ఆ ప్రోగ్రాంను డబ్బాలోని చిప్ భాషలోకి మార్చడానికి నేనే రాసిన కంపైలర్ మాత్రం, వేగం కోసమని ఆ లైనును పదేపదే తిరిగే లూప్ బయటికి లాగేసి, ఒక్కసారి చూసిన జవాబునే పట్టుకు కూర్చుంటోంది. మధ్యలో అది తయారుచేసుకునే కోడ్‌లో కళ్లారా చూశాను. ఎక్కడ లాగుతోందో పట్టుకుందామని ప్రోగ్రాంలో, చూసిన జవాబును తెర మీద చూపించే ఒక ప్రింట్ లైను పెడితే బుద్ధిగా నడుస్తుంది. తీసేస్తే మళ్లీ అంతే. తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది.

ఇలాంటి డబ్బాయే ఊళ్లో, చంద్లాపూర్‌లో, మా బోరుకూ ఉంది. సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి, "బాపూ, మోటరు కాడికి పోయి చూస్తున్నవా?" అని అడిగాను.

"గాడికి పోయి ఏం చెయ్యాలె బిడ్డా? నీ డబ్బా మోటరు బంద్ చేసుడు ఆ పొద్దు నా కండ్లతోని చూసిన గదా. ఇగ నాకేం రంది?"

ఆ రోజు అందులో ప్రింట్ లైను ఉంది. తర్వాత నేనే తీసేశాను.

బాపు కూడా ఒక్కసారే చూశాడు. ఆ మాట చెప్పకుండానే అప్పుడు ఫోన్ పెట్టేశాను. ఇప్పుడు చెబుదామంటే ఫోన్ ఎత్తడం లేదు. మోటరు వేసి, నిశ్చింతగా పడుకుని ఉంటాడు.