పోలండ్ వరుసలో అవునా, కాదా

లాన్స్‌ఫర్డ్, మిషిగన్
1984 ఫిబ్రవరి 21

పన్నెండేళ్లు మాట్లాడకపోయినా నా ప్రియమైన డొరోటాకి,

కవరు మీద నా చేతిరాత చూసి కూడా దీన్ని చింపకుండా విప్పావంటే సగం గండం గడిచినట్టే. ఫోన్ చేద్దామని నాలుగుసార్లు రిసీవరు ఎత్తాను. నా గొంతు వినగానే ఠక్కున పెట్టేస్తావని భయమేసి దించేశాను.

నేను రిటైరై రెండేళ్లయింది. అయినా మంగళవారం వచ్చేసరికి కాళ్లు ఆగవు, యూనివర్సిటీలో మన గదికి వెళ్లిపోతాను. ఇప్పుడక్కడ నోరీన్ టాల్‌బట్ అని డాక్టరేట్ చేస్తున్న పిల్ల ఉంది. దేశాలు రాసుకున్న సైనిక ఒప్పందాలన్నీ మళ్లీ మొదటి నుంచి చదువుతోంది. ఎవరు ఎవరికి ఏం మాటిచ్చారు, తీరా యుద్ధం వచ్చాక ఆ మాట నిలిచిందా లేదా అన్నది తేలుస్తుందట. మనం ఏడేళ్లు చేసిందే కదా! "అన్నీ చేసేశామమ్మా" అంటే నవ్వి ఊరుకుంది.

పోయిన వారం ఇనప బీరువాలోంచి మన పాత కాగితాలు బయటికి తీసింది. మన పద్ధతి చెప్పాను: ఒకే ఒప్పందాన్ని ఇద్దరం విడివిడిగా చదవాలి, చెక్క అడ్డుకి ఇటొకరూ అటొకరూ కూర్చుని కాగితం నింపాలి, రెండు కాగితాలూ పెట్టెలో పడేదాకా దాని గురించి నోరెత్తకూడదు, తేడా వస్తే ప్రొఫెసరు తేల్చాలి అని. "మరి మధ్యాహ్నం భోజనాల దగ్గర ఏం మాట్లాడుకునేవారు?" అంది. "మా అత్తగారి గురించి" అన్నాను.

దానికి కుతూహలం మహా ఎక్కువ. "డి.కె. అంటే ఎవరండీ? మూడు వందల చిల్లర కాగితాల్లో మీతో పదకొండు చోట్లే తేడా వచ్చింది. పదింటికి కారణం పేజీ నెంబరుతో సహా రాశారు. బ్రిటన్, పోలండ్ 1939 దగ్గర మాత్రం 'మాట నిలిచిందా' అంటే 'కాదు' అని వేసి, కారణం ఖాళీగా వదిలేశారేం?" అని నా ప్రాణం తీస్తోంది.

ఆ కారణం నువ్వే చెప్పాలి. నాలుగు ముక్కలు రాయవే. తిట్టు, ఫర్వాలేదు.

నీ కాగితాల అవతలి పక్క మనిషి,
విల్మా హూక్‌స్ట్రా


హమ్‌ట్రామిక్
మార్చి 11

విల్మాకి,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రావడం లేదు, ఏమనుకోకు.

నీ ఉత్తరం వచ్చాక బేకరీలో ఊపిరాడలేదు. ఈస్టర్ ముందు ఉపవాసాలు మొదలవుతాయని ఊరు ఊరంతా జామ్ కూరిన బూరెల కోసం తెల్లారకముందే వరుస కట్టింది. చేతులకి పిండి, మనసులో నీ ప్రశ్న. మూడు వందల డజన్ల ఆ పొంచ్కీ బూరెలు పెట్టెల్లో సర్దుతూ ఒకటే అనుకున్నాను: ఇంత తెలివైనదానికి కారణం చెబితే గాని తెలియదా?

సరే, ఆ పిల్ల కోసం రాస్తున్నాను, నీ కోసం కాదు.

మాది తూర్పు పోలండ్‌లో లవూఫ్ పక్కన చిన్న ఊరు. 1939లో నాకు పధ్నాలుగేళ్లు. సెప్టెంబరు ఒకటిన జర్మన్లు పడమటి నుంచి దిగారు. మూడున బ్రిటన్ యుద్ధం ప్రకటించిందని రేడియోలో విని వీధి వీధంతా కౌగిలించుకుంది. పదిహేడున రష్యా సైన్యం తూర్పు నుంచి వచ్చింది. మా నాన్న బడిపంతులు. మా ముగ్గురు పిల్లల్నీ వరండాలో కూర్చోబెట్టి, "ఇంగ్లీషువాళ్లు సంతకం పెట్టారురా, వాళ్ల విమానాలొస్తాయి. ఏడవకండి" అన్నాడు. మేం రోజూ ఆకాశంకేసి చూశాం. అక్టోబరంతా చూశాం. డిసెంబరులో రష్యావాళ్లు నాన్నని తీసుకెళ్లారు. మళ్లీ కనబడలేదు.

ఆ పోలండ్ వరుస నా బల్ల మీదికి వచ్చిన రోజు జవాబుకి ఉన్నది ఒక్కటే గడి. నిలిచిందా, అవునా కాదా? ఆకాశంలో నాకేమీ కనబడలేదు, అందుకని "కాదు" అని వేశాను. ప్రొఫెసరు నీ "అవును" తీసుకున్నాడు. "డొరోటా, మనం చదవాల్సింది కాగితాన్ని, కన్నీళ్లని కాదు" అన్నాడు. నువ్వు అక్కడే ఉన్నావు. పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నావు. ఆ మాటకి నా తల కొట్టేసినట్టయింది. నువ్వు ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అనలేదు.

ఇదీ కారణం. పేజీ నెంబరు లేదు.

డొరోటా కూబియాక్

మా అమ్మ బాగానే ఉంది. ఎనభై నాలుగు. నువ్వు అడగలేదు గానీ చెబుతున్నాను.


లాన్స్‌ఫర్డ్
మార్చి 20

డొరోటా, నా తల్లీ,

నీ ఉత్తరం నోరీన్‌కి చూపించలేదు. నాలుగుసార్లు చదివి, కోటు జేబులో పెట్టుకుని మంగళవారం గదికి వెళ్లాను. వెళ్లేసరికి ఆ పిల్ల నా కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుని చూస్తోంది.

"విల్మా గారూ, ఇక్కడ రబ్బరుతో చెరిపారే! మీ 'అవును' కింద ఇంకేదో ఉంది" అంది.

పన్నెండేళ్లుగా కడుపులో దాచుకున్నదాన్ని ఆ కిటికీ వెలుగు పట్టించేసింది. ఆ కింద ఉన్నది "కాదు." ముందు నేను కూడా అదే వేశాను.

ఆ సాయంత్రం నా కాగితం పెట్టెలో వేయబోతే మూత తెరిచి ఉంది. పైనే నీది. చూడకూడదు, చూశాను. నీ "కాదు" చూసి బెదిరిపోయాను. ఏడేళ్లుగా నీ పక్కన కూర్చుని, నీ రొట్టె తిని, మీ నాన్న సంగతి విని విని, నేనూ జాలితోనే "కాదు" వేశానేమో, ఇది లెక్క కాదు ప్రేమ అని ఎవరైనా అంటారేమో అనిపించింది. తిరిగి నా బల్ల దగ్గరికొచ్చి చెరిపేశాను. పక్షపాతం లేనిదాన్నని నాకు నేను చూపించుకోవడానికి నిన్ను ఒంటరిని చేశాను. ప్రొఫెసరు ఆ మాట అన్నప్పుడు నోరు విప్పితే ఇదంతా చెప్పాల్సి వచ్చేది. అందుకే పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాను. సిగ్గేస్తోందే. ఇప్పటికీ సిగ్గేస్తోంది.

మొదట మన ఇద్దరి జవాబూ ఒకటే డొరోటా. ప్రొఫెసరు దాకా వెళ్లాల్సిన తగువే కాదు.

ఇంకో సంగతి ఉంది, చెప్పాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్నాను. మనం చదివిన లావుపాటి సంపుటిలో ఆ ఒప్పందానికి ఒక పేజీ లేదు. నోరీన్ వేరే పుస్తకంలో పట్టుకుంది. సంతకాల రోజే రాసుకున్న రహస్య షరతు అది. దాని నకలు జతచేస్తున్నాను. కొత్త ఫారం కూడా ఖాళీది పంపుతున్నాను. దీంట్లో ఒక్క గడి కాదు, శత్రువు ఎవరు, అతని మీద ఏం చేస్తామన్నారు, ఏం చేశారు అని విడివిడిగా అడుగుతారు. నింపాలని లేకపోతే నింపకు. కానీ నువ్వు నింపేదాకా నేను నింపను. ఈసారి ముందు నీదే.

క్షమించమని అడుగుతున్న
విల్మా


హమ్‌ట్రామిక్
మార్చి 24

(కార్డు)

అందాయి. ఇప్పుడేమీ రాయలేను. నువ్వూ రాయకు.

డొ.


హమ్‌ట్రామిక్
మే 6

ప్రియమైన విల్మా,

చూశావుగా, చెయ్యి వచ్చింది.

నువ్వు చెరిపిన సంగతి చదివాక రెండు వారాలు నీ మీద ఒళ్లు మండిపోయింది. బేకరీలో పిండిముద్దలని నీ పేరు పెట్టి గుద్దాను. మా యజమాని "ఈ మధ్య రొట్టె భలే పొంగుతోందే" అన్నాడు. తర్వాత ఆ కోపం తగ్గింది. అయినా ఆ పేజీ ముట్టుకోలేదు. దాంట్లో ఏముందో నాకు లోపల్లోపల తెలుసనుకుంటాను.

ఈస్టర్ వెళ్లిన ఆదివారం కూర్చుని చదివాను. పైకి కనబడే ఒప్పందంలో "ఒక ఐరోపా దేశం దాడి చేస్తే" అని ఉంది. రహస్య షరతులో, ఆ దేశమంటే జర్మనీ అని ఉంది. వేరే ఐరోపా దేశం వస్తే? ఇద్దరూ కలిసి సంప్రదించుకుంటారట. అంతే. సంప్రదించుకుంటారు! తూర్పు నుంచి వచ్చేవాళ్ల మీద పోరాడతామని ఎవరూ ఎక్కడా రాయలేదు. నలభై అయిదేళ్లుగా నేను తిట్టుకుంటున్నది ఇవ్వని మాట కోసమా? మాట తప్పినవాడినైతే ద్వేషించుకోవచ్చు విల్మా. మాటే ఇవ్వనివాడిని ఏం చేసుకోను? వంటింట్లో నేలమీద కూలబడి ఏడ్చాను.

అమ్మ కర్ర తాటించుకుంటూ వచ్చింది. "ఎవరు పోయారే?" అంది. ఎవరూ పోలేదని, ఆ పేజీ పోలిష్‌లో చెప్పి వినిపించాను. విని, కుర్చీలో కూర్చుని, తాపీగా అంది:

"ఇందులో కొత్తేముంది? రష్యా మీదికి ఎవడొస్తాడు? మీ నాన్నకి ఆ రోజే తెలుసు. రాత్రి నాతో అన్నాడు, మనకోసం ఎవరూ రారు హెలేనా అని."

"మరి మాతో విమానాలొస్తాయన్నాడుగా!"

"నీ చిన్న తమ్ముడు ఏడుపు ఆపడం లేదు. ఏదో ఒకటి చెప్పాలి కదే. 'ఎవరూ రారు' అని పిల్లలకి ఎలా చెబుతాడు?"

నేను ఎవరి మాట కోసం ఆకాశం చూశానో నాకు ఇప్పుడు తెలిసింది. ఆ మాట లండన్‌ది కాదు. మా నాన్నది. అది అబద్ధమని తెలిసే ఇచ్చాడు, మేం మూడు నెలలు ఏడవకుండా ఉండడానికి. ఏడవలేదు కూడా.

ఫారం నింపాను. జర్మనీ గడిలో: యుద్ధం ప్రకటిస్తామన్నారు, ప్రకటించారు, చేయగల సాయమంతా చేస్తామన్నారు, చేయలేదు. రెండు సమాధానాలు, రెండు గళ్లు. రష్యా గడిలో: పోరాడతామని మాట ఇవ్వలేదు. కారణం దగ్గర పేజీ నెంబరు కూడా వేశాను, నోరీన్‌కి చెప్పు.

నేనేం వేశానో ఆగలేక చెప్పేశాను, అది మరిచిపోయి, నా కారణాలు చూడకుండా నువ్వు కూడా నింపు. అందుకే నాది వేరే కవరులో పెట్టి అంటించి పంపుతున్నాను. నాకు తెలుసు, నువ్వు వెలుగుకి పట్టుకుని చూస్తావు. చూడకే. నింపి, ఆ రెండూ తీసుకుని మా ఇంటికి రా. ఇక్కడే విప్పుదాం. తేడా వస్తే మా అమ్మ తేలుస్తుంది.

నీ
డొరోటా