చేలో ఉప్పు, ఒంట్లో ఉప్పు

2002 జూలై, బుధవారం

నా వరిచేను పక్కన రొయ్యల చెరువు తవ్వనని బావ సుబ్బరాజు అక్క ముందే మాటిచ్చాడు. ఆ వేసవిలోనే తవ్వించాడు. ఉప్పునీరు చేలోకి ఊరి, అంతా చౌడుబారింది.

ఇవాళ భీమవరంలో డాక్టరుగారు బీపీ రెండుసార్లు చూశారు. రెండోసారి ఇంకా పెరిగింది.

"ఇప్పుడెవర్ని తలుచుకున్నారండీ?"

"మా బావనండి."

"ఆయన పోయి ఏడాదైంది కదండీ!"

కోపమొస్తే మెదడు నరాలకు కబురు పెడుతుంది, మూత్రపిండాల మీది గ్రంథులు హార్మోన్లు వదులుతాయి, రక్తనాళాలు బిగుస్తాయి, మూత్రపిండాలు ఉప్పును బయటికి పోనివ్వవు. డాక్టరుగారు చెప్పకముందే ఇదంతా చదివాను. అయినా అర్థం కావడం లేదు. నెలల తరబడి చప్పిడి కూరలు తింటున్నాను. ఉప్పును పట్టుకు కూర్చున్నది నా ఒళ్లేనా? ఆ మనిషి లేడని నరాలకు ఎవరు చెప్పాలి? కోపం మానకపోతే పక్షవాతం రావచ్చన్నారు. మానితే, బావ చేసింది ఒప్పయిపోదా?

ఇంటికొచ్చేసరికి అక్క వచ్చి ఉంది. సంగతి విని, "వదిలెయ్యరా తమ్ముడూ. మీ బావ తరఫున నేనడుగుతున్నా, ఇక ఆయన్ని తలుచుకోనని మాటియ్యి" అంది.

ఇచ్చాను.

ఇది రాస్తుంటే మెడ వెనక నరం మళ్లీ కొట్టుకుంటోంది. ఈసారి మాట తప్పింది నేనా?

కాదు. దీనికీ కారణం సుబ్బరాజే.