వ్యూఫైండర్ విచారణ

జూన్ 2, సోమవారం

కెమెరాకు కన్ను ఆనించి చూస్తే అంతా మసకగా కనిపిస్తోంది. నిన్న సాయంత్రం అంకెలతో సహా కనిపించిన గోడ గడియారం ఈ ఉదయం వ్యూఫైండర్‌లో నానిన రొట్టెలా ఉంది. లెన్స్ తుడిచాను. కళ్లద్దాలు తుడిచాను. మళ్లీ లెన్స్ తుడిచాను. పరిస్థితిలో మార్పు లేదు. తదుపరి చర్య నిమిత్తం నమోదు చేయడమైనది.

జూన్ 3, మంగళవారం

భోజన విరామంలో కెమెరా రిపేరు షాపుకు వెళ్లాను. షాపాయన వ్యూఫైండర్ పక్కనున్న చిన్న చక్రాన్ని వేలితో తిప్పి, కెమెరా తిరిగి ఇచ్చేశాడు. అది ఎవరి చూపుకు తగ్గట్టు వాళ్లు తిప్పుకునేదట. ఎవరో తిప్పారు సార్, మీరే తిప్పి మర్చిపోయుంటారు అన్నాడు. సెక్షన్ సూపరింటెండెంటుగా పదకొండేళ్ల సర్వీసులో నేను దేన్నీ మర్చిపోయిన దాఖలా లేదని తెలియజేసి బయల్దేరాను. మరి ఈ గొడుగెవరిది సార్ అని వెనక నుంచి కేకేశాడు.

జూన్ 4, బుధవారం

మళ్లీ మసక.

జూన్ 5, గురువారం, సాయంత్రం 6.40

ఈరోజూ అంతే. ఇంట్లో విచారణ జరిపాను. మీ కెమెరా జోలికి నేనెందుకొస్తానండీ, అది నా జోలికి రాకుండా ఉంటే అంతే చాలు అని మా ఆవిడ అంది. ఈ ఆరోపణకు నేపథ్యం ఉంది. ఆవిడ ఫొటోలు నేను ఇంతవరకు రెండు వందల పద్నాలుగు తీశాను. అన్నింటిలోనూ గుర్తింపు కార్డుకు తప్ప మరెందుకూ పనికిరాని ముఖమే పెట్టింది.

శుక్లాల ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లో విశ్రాంతి తీసుకుంటున్న అత్తగారిని కూడా అడిగాను. ఏం బాబూ, దానికీ ఆపరేషన్ చేయించాలా అన్నారు.

ఇద్దరి వాంగ్మూలాలూ సంతృప్తికరం.

జూన్ 7, శనివారం

మా ఫొటోగ్రఫీ క్లబ్ పోటీకి ఇవాళే ఆఖరి రోజు. అంశం: ఇంట్లో వెలుతురు. గెలిచిన ఒక్క ఫొటో నెల రోజులపాటు లైబ్రరీ హాల్లో వేలాడుతుంది. నాలుగేళ్లుగా నాది ఒక్కటీ వేలాడలేదు. రూల్ నంబర్ నాలుగు ప్రకారం ఫొటో మాన్యువల్ మోడ్‌లోనే తీయాలి. ఆటో మోడ్ అంటే తన పెళ్లికి తాను పోకుండా బంధువును పంపించడమేనని క్లబ్ అధ్యక్షుడు, రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, ప్రతి మీటింగులోనూ చెబుతారు.

మెమరీ కార్డులో అరవై ఒక్క ఫొటోలున్నాయి. అరవై బకెట్లు, బల్బులు, కిటికీ ఊచలు. అరవై ఒకటోది చూసి కుర్చీలో వెనక్కి జరిగాను. బాల్కనీలో మా ఆవిడ తడి దుప్పటి విదిలిస్తోంది. నీటి తుంపరలు ఎండలో ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆవిడ నోరంతా తెరిచి నవ్వుతోంది.

ఇది తీసినట్లు నాకు గుర్తులేదు. గంటసేపు ఆలోచించాను. కెమెరా నాది. కార్డు నాది. ఫొటోలోని మనిషి నా భార్య. కనుక ఫొటో కూడా నాదే అయి ఉండాలి. పంపించాను.

జూన్ 8, ఆదివారం

ఎంపికైంది! మాస్టారు స్వయంగా ఫోన్ చేశారు. ఏవయ్యా, ఇంత పనివాడివి నాలుగేళ్లు బకెట్లు చూపించి మమ్మల్ని ఏడిపించావా అన్నారు. వచ్చే ఆదివారం నేను ఆ ఫొటో పక్కన నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడాలట. షటర్ ఎంత, అపెర్చర్ ఎంత, అలా ఎందుకు.

నాకూ తెలుసుకోవాలనే ఉంది.

జూన్ 10, మంగళవారం

ప్రసంగం కోసం ఫొటో వివరాలు తెరిచాను. తీసిన సమయం గురువారం ఉదయం 11.20. మోడ్: ఆటో.

ఆ సమయంలో నేను ఆఫీసులో ఉన్నాను. హాజరు పట్టీ ఉంది, టీ తెచ్చిన మనిషి సాక్ష్యం ఉంది. కెమెరా గడియారం సరిచూశాను. అదీ సరిగ్గానే ఉంది. అంటే ఏకకాలంలో నేను రెండు చోట్ల విధి నిర్వహణలో ఉన్నాను. నిబంధనల ప్రకారం ఇందుకు ముందస్తు అనుమతి అవసరం.

జూన్ 11, బుధవారం

సగం రోజు సెలవు పెట్టి పదకొండింటికి ఇల్లు చేరాను. వంటగది గుమ్మంలో స్టూలు మీద అత్తగారు. కంటికి కళ్లజోడు లేదు, కెమెరా ఉంది. వేలితో చిన్న చక్రం తిప్పుతున్నారు. లోపల మా ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ ఏదో చెబుతూ నవ్వుతోంది.

నన్ను చూసి నవ్వు ఆగింది. ఈ అంశం విచారణ పరిధిలోకి రాదు. అయినా నమోదు చేస్తున్నాను.

ఆపరేషనైన కన్ను ఎంతవరకు ఆనుతోందో చూసుకుంటున్నా బాబూ, పాడేం చేయలేదు అన్నారు అత్తగారు. ఆ పెద్ద గుండ్రటిదాన్ని ఆకుపచ్చ గుర్తు దగ్గర పెట్టి నొక్కడమేనట. తర్వాత మళ్లీ నా మాన్యువల్ గుర్తుకే తిప్పి పెట్టేస్తున్నారట. చిన్న చక్రం మాత్రం ముందు ఎక్కడుందో గుర్తుండి చావడం లేదట.

పోటీ సంగతి చెప్పాల్సి వచ్చింది. పోనీండి, మీ పేరుతోనే ఉండనీండి, ఈ వయసులో నాకెందుకవన్నీ అన్నారు. మా ఆవిడ వాళ్లమ్మతో, నా నవ్వు ఊరంతా చూస్తారటే, ముందే చెబితే జడైనా వేసుకునేదాన్ని కదా అంది. తర్వాత నా వైపు తిరిగి, మరి ఎలా తీశారని అడిగితే ఏం చెప్తారండీ అంది.

సమాధానం పెండింగులో ఉంది.

జూన్ 14, శనివారం

రెండు ప్రసంగాలు రాశాను. ఒకటి బాగుంది. రెండోది నిజం.

జూన్ 15, ఆదివారం

హాలు నిండింది. ఫొటో కింద నా పేరు టైపు చేసి అంటించారు. నాలుగేళ్లు ఎదురుచూసిన కాగితం ముక్క అది. మూడో వరుసలో అత్తగారు, మా ఆవిడ. మాస్టారు చేతిగడియారం చూసి, కానియ్యవయ్యా అన్నారు.

బాగున్న ప్రసంగం తీశాను. ఆ ఉదయపు వెలుతురును నేను చాలాసేపు గమనించిన మీదట, అని మొదలుపెట్టాను. తలెత్తితే మా ఆవిడ గుర్తింపు కార్డు ముఖంతో చూస్తోంది. పక్కన, ఫ్రేములో, అదే మనిషి నవ్వుతోంది. రెండు ముఖాల మధ్య నిలబడి తర్వాతి వాక్యం చదవలేకపోయాను. కాగితం మడిచి, ఇది తీసింది మా అత్తగారని, ఆటో మోడ్‌లోనని, ఆ సమయంలో నేను ఆఫీసులో ఉన్నానని తెలియజేశాను.

మాస్టారు కళ్లజోడు తీసి, పెట్టుకుని, అయితే రూల్ నంబర్ నాలుగు ఉంది కదయ్యా, దించేయాలి అన్నారు. దించేయండి బాబూ, మా వంటింట్లో మేకు ఖాళీగానే ఉంది అని అత్తగారు కూర్చున్న చోటు నుంచే చెప్పారు.

అప్పుడు మా ఆవిడ నవ్వింది. నోరంతా తెరిచి, నన్ను చూస్తూనే. హాల్లో పదకొండు కెమెరాలున్నాయి. అన్నీ మాన్యువల్‌లో ఉన్నాయి. సభ్యులు షటరూ అపెర్చరూ సరిచూసుకునేలోగా నవ్వు అయిపోయింది.

జూన్ 17, మంగళవారం

అత్తగారు నా ఫొటో తీశారు. ఆ సమయంలో నేను కిటికీ వైపు చూస్తున్నట్లు స్పష్టంగా గుర్తు. ఫొటోలో మా ఆవిడ వైపు చూస్తున్నాను. చాలాసేపటి నుంచి చూస్తున్నట్లుంది.