రబ్బరు తిత్తి ఎక్కడుందంటే

ప్రియమైన నాన్నకు,

నమస్కారాలు. ఇక్కడ నేను, మీ అల్లుడు, పిల్లలు ఒంట్లో బాగానే ఉన్నాం. ఆపరేషనైన నీ కన్ను రోజురోజుకీ తేటపడుతోందని, అమ్మ నడుము నొప్పి తగ్గిందని, తమ్ముడు మీ ఇద్దరినీ బాగా చూసుకుంటున్నాడని తలుస్తాను. కట్టు విప్పాక కూడా కన్ను నలపకూడదని డాక్టరు చెప్పాడట కదా. నువ్వు వినవని తెలుసు. అందుకే అమ్మకే చెబుతున్నాను. ఆయన చెయ్యి కంటి దగ్గరికి వెళ్లిందంటే ఆ చేతి మీద ఒక్కటి వెయ్యి.

ఈ ఉత్తరం అమ్మే నీకు చదివి వినిపిస్తుంది. అమ్మా, మధ్యలో ఎక్కడైనా ఆపాలనిపిస్తే ఆపకు. నాన్న బాధపడతాడని మాటలు మార్చి చదవకు. ఉన్నది ఉన్నట్టు చదువు.

నువ్వడిగిన వాటికి వరసగా జవాబు చెబుతాను. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. కొత్త ప్లంబరెవరో వచ్చి వాషరు మార్చి వెళ్లాడు. ఇంతకు ముందు కింద నుంచి కారేది, ఇప్పుడు పైనుంచి కారుతోంది. "ప్లంబరు కూతురింట్లో కుళాయి కారుతోందని తెలిస్తే మీ నాన్నకి పెళ్లిళ్లలో ముఖం చెల్లదు" అని మీ అల్లుడు ఒకటే నవ్వు. పెద్దదాని పరీక్షలు అయిపోయాయి, బాగానే రాశానంటోంది. చిన్నవాడికి ముందు పళ్లు ఊడిపోయి, ఈల వేస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. తాతయ్య వస్తే బాగుచేస్తాడని వాడి నమ్మకం.

ఇక మ్యూజియంలో పెట్టమని నువ్వు నా చేతికిచ్చిన వాద్యం, నీ తొలి రబ్బరు తిత్తి సంగతి. ఏ గోడకు పెట్టావు, ఎండ తగలకుండా చూశావా, ఎండకి రబ్బరు పగులుతుందని వాళ్లకి చెప్పావా అని ఫోను చేసినప్పుడల్లా అడుగుతున్నావు. మంగలి దగ్గరా మందుల కొట్లోనూ కూడా "మా అమ్మాయి మ్యూజియంలో నా తిత్తి పెట్టింది" అని చెప్పుకుంటున్నావని తమ్ముడు అన్నాడు. కన్ను నయం కాగానే నలుగురిని వెంటబెట్టుకుని చూడ్డానికి వస్తానన్నావట. ఆ ప్రశ్నకు జవాబు చెబుతాను నాన్నా. ముందు ప్రారంభం రోజు ఎలా జరిగిందో చెప్పనీ.

జనం బాగా వచ్చారు. కుర్చీలు చాలక పక్క గదిలోవి మోసుకొచ్చాం. తిత్తి వాద్యం చరిత్రకే ఒక గది ఇచ్చారు కదా, ఆ గదికి లేత గోధుమ రంగు వేయించాం. అద్దాల పెట్టెల్లో మేకతోలు తిత్తులు, చేవ కర్రతో చేసిన ఊదుగొట్టాలు పెట్టి, పైనుంచి మెత్తటి వెలుగు పడేలా చేశాం. చిన్నప్పుడు మన ఇంట్లో తిత్తి నేర్చుకున్న మీ ఈలగాడే ప్రారంభించాడు. ఇప్పుడు వాణ్ని ఈలగాడు అనడానికి లేదనుకో. జుట్టు నెరిసింది, భుజాన శాలువా, అందరూ గురువుగారనే పిలుస్తారు. మన షెడ్డులో నువ్వు నెత్తిన మొట్టిన కుర్రాడు వీడేనా అనిపించింది. మైకు ముందు నిలబడి తిత్తిని చంకలో నొక్కి ఒక్క పాట వాయించాడు. కుర్చీలు మోసేవాళ్లు కూడా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

ఆ గది చరిత్ర రాసే పని నాదే. మొదట రాసిన దాంట్లో నువ్వున్నావు నాన్నా. ఎలా మొదలుపెట్టానో తెలుసా? ఆఖరి తిత్తిగాడి ఇంటికి నువ్వు నీళ్ల గొట్టం బాగుచేయడానికి వెళ్లడంతో. అతని గోడకు చిరిగిన తిత్తి వేలాడుతోంది. తోలు కుట్టేవాళ్లు లేరు, వాయించేవాళ్లు అసలే లేరు. "ఇదెందుకు మోగట్లేదు పెద్దాయనా?" అని నువ్వడిగితే, "గాలి నిలవట్లేదు నాయనా" అన్నాడు. "అంతేనా! నీళ్లు కారితే ఆపేవాణ్ని, గాలి కారితే ఆపలేనా?" అన్నావు. దాన్ని బకెట్లో ముంచి బుడగలు ఎక్కణ్నుంచి వస్తున్నాయో చూశావు. తోలు పుచ్చిపోయింది, అతుకు నిలవలేదు. దాంతో పంచరు షాపుకెళ్లి పాత లారీ ట్యూబు తెచ్చి, కోసి, సొల్యూషన్‌తో అతికించి, ప్లాస్టిక్ గొట్టానికి డ్రిల్లుతో చిల్లులు వేసి కొత్త తిత్తి చేశావు. పెద్దాయన దాన్ని ఊది నవ్వాడు. అరుస్తోంది, కానీ తిత్తిలాగే అరుస్తోంది అన్నాడు. వారం తిరక్కుండా మన వెనక షెడ్డులో వీధి పిల్లలంతా చేరారు. పెద్దాయన నేర్పేవాడు, నువ్వు ట్యూబులు కోసేవాడివి. ఆయన పోయేనాటికి ఆ పాటలు అంతమంది పిల్లల నోట్లో ఉన్నాయి.

నువ్వు చెప్పేటప్పుడు ఈ కథ ఏటేటా పెరుగుతూ వచ్చిందిలే. ఒకసారి ట్యూబు లారీది, ఇంకోసారి విమానానిది. పెద్దాయన ఒకసారి నవ్వాడు, ఇంకోసారి నీ కాళ్లమీద పడబోయాడు. అవన్నీ తీసేసి నిజమే రాశాను. చదివితే నాకే బాగుందనిపించింది.

ఆ తర్వాత ఆ కాగితాలు పక్కన పెట్టేసి వేరేది రాశాను.

గోడమీద ఇప్పుడున్నది... కాదు, మొన్నటిదాకా ఉన్నది ఇది: "ఆఖరి వాదకుల తరం తర్వాత కొంతకాలం నిశ్శబ్దం. ఆపైన పరిశోధకుల, కళాకారుల కృషితో తిత్తి వాద్యం తిరిగి ప్రాణం పోసుకుంది." ఆ నిశ్శబ్దం నువ్వే నాన్నా. మన ఇంట్లో చెవులు చిల్లులు పడ్డ ఆ ఏళ్లను, పక్కింటావిడ గోడ మీంచి చెప్పు విసిరిన ఆ ఏళ్లను నేను నిశ్శబ్దమని రాశాను. నన్నెవరూ అలా రాయమనలేదు. పైవాళ్లు చెప్పారని సర్దుకోవడానికి కూడా లేదు.

నీ తిత్తి ఆ గదిలో లేదు. ఏ గోడకూ లేదు. ఫోనులో నువ్వడిగినప్పుడు "మధ్యలోనే పెట్టాం నాన్నా, వెలుతురు బాగా పడుతోంది" అన్నాను. అది అబద్ధం.

ఎందుకు చేశావని అడుగుతావు. నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. సొంత తండ్రిని గోడెక్కించిందని అంటారేమోనని భయపడ్డానని ముందు అనుకున్నాను. ఆ మాట వినడానికి బాగుంది, అదేదో పెద్దమనిషి తరహాలా ఉంది. నిజం అది కాదు. ఆ నునుపైన కర్ర పక్కన, ఆ మెత్తటి వెలుగులో, నల్లటి ట్యూబునూ తెల్లటి ప్లాస్టిక్ గొట్టాన్నీ ఊహించుకుంటే నాకు తలవంపుగా అనిపించింది. ఎవరైనా నవ్వితే, "ఎవరు చేశారిది?" అని అడిగితే, ఆ జవాబు నా నోటితో చెప్పాలి కదా. మ్యూజియంలో నేను ప్లంబరు కూతుర్నని ఎవరికీ తెలియదు. దాచలేదు, కానీ ఎవరూ అడక్కుండా చూసుకున్నాను.

ఇక్కడితో అయిపోతే ఇంత బాధ లేదు.

ప్రారంభమయ్యాక కొద్దిరోజులకు ఒకావిడ వచ్చింది. బస్సు డ్రైవరు. డ్యూటీ మధ్యలో వచ్చినట్టుంది, ఒంటిమీద యూనిఫాం అలాగే ఉంది. గోడమీది రాత మొదటి నుంచి చివరిదాకా చదివి, అద్దాల పెట్టెలన్నీ చుట్టి, నా దగ్గరికొచ్చింది.

"మా ట్యూబులు ఎక్కడ పెట్టారండీ?" అంది.

"ఏ ట్యూబులు?" అన్నాను. చూడు నాన్నా, ఏ ట్యూబులని అడిగాను.

"రబ్బరువి. షెడ్డులో నేర్చుకున్నాం మేము. కుళాయిలు బాగుచేసే బాబాయి చేసిచ్చేవాడు. ఊదలేక నేను కూలబడితే, ముందు బుగ్గలు కాదే, పొట్ట నింపుకో అనేవాడు. ఇక్కడ నిశ్శబ్దం అని రాశారేంటండీ? మేమేమైనా మూగవాళ్లమా?"

"అప్పటివేవీ దొరకలేదండీ" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. గుర్తుపట్టలేదు. షెడ్డు గుమ్మంలో పుస్తకం పట్టుకుని విసుగ్గా నిలబడే పిల్ల నేనేనని ఆవిడకెలా తెలుస్తుంది? "అయ్యో, అన్నీ పోయాయా" అని నామీదే జాలిపడి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆవిడ బస్సు కదిలేలోపే స్టోరు గదికి పరుగెత్తాను. నీ తిత్తి అట్టపెట్టెలో పెట్టి కిటికీకి దూరంగా కింద ఉంచాను, ఆ జాగ్రత్త మాత్రం తీసుకున్నాను. అక్కడ పెట్టె లేదు. స్టోరు చూసుకునే ఆయన్ని అడిగాను.

"దాని మీద చీటీ ఏమన్నా ఉందామ్మా?"

"లేదు."

"మరి ఉంటుందా? గోడలో గొట్టాలు మార్చడానికి పనివాళ్లొచ్చారు కదా. పోయేటప్పుడు పాత సామానంతా పట్టుకుపొమ్మన్నాం. ట్యూబు ముక్క, ప్లాస్టిక్ గొట్టం చూస్తే వాళ్ల చెత్తే అనుకుంటారు. నేనైనా అంతే అనుకుంటాను."

ఆయన తప్పు లేదు. చీటీ రాయడం నా పని. అందులో వస్తువు ఎవరిచ్చారు, వారికి నేనేమవుతాను అన్నది రాయాలి. ఆ గడి నింపలేక చీటీయే రాయలేదు. నీ తిత్తి అలా పోయింది నాన్నా. రాయాల్సిన ఒక్క మాట రాయలేక పోగొట్టాను.

పాత సామాను కొనేవాడి దగ్గరికి వెళ్లాను. వాన పడుతోంది. ఇనుము ఒక పక్క, ప్లాస్టిక్ ఒక పక్క గుట్టలు పోసి ఉన్నాయి. మోకాళ్లదాకా బురదలో దిగి ప్లాస్టిక్ గుట్టంతా తిరగేశాను. చిల్లులున్న గొట్టం కనిపించిన ప్రతిసారీ లాగి చూసేదాన్ని, అది వేరే ఏదో విరిగిన ముక్క. రబ్బరు మొత్తం కరిగించేవాళ్లకు ఎప్పుడో పంపేశాడట. "ట్యూబు కోసం ఇంత తిప్పలేంటమ్మా? కొత్తది కొనుక్కోరాదూ?" అన్నాడు. "అది మా నాన్న చేసింది" అన్నాను. ఈ ఊళ్లో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అన్నది కూడా ఎవరితో, దాన్ని అమ్మేసినవాడితో!

మర్నాడు మా మేడమ్ దగ్గరికెళ్లి అంతా చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "మీ నాన్నగారా? మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అంది. ఆవిడ పని ఊడబెరుకుతుందనుకున్నాను. "మీరు చేసిన పాడు మీరే సరిచేయండి. మిమ్మల్ని పనిలోంచి తీసేయడం తేలిక, అది మీకు శిక్షా కాదు, ఆయనకు న్యాయమూ కాదు" అంది.

ఈలగాడింటికీ వెళ్లాను. అంతా విని ముందు నన్ను కూర్చోమన్నాడు. తర్వాత, "ఆ రోజు గోడమీద రాత నేనూ చదివానమ్మా" అన్నాడు. "మీ నాన్న లేడేంటని అనుకున్నాను. అడగలేదు. నా మొదటి వాద్యం లారీ ట్యూబని ఎవరికీ తెలియకపోతే నాకూ హాయిగానే ఉంది." ఆ పెద్దమనిషి నా ముందు తల వంచుకుని కూర్చుంటే, నా తప్పు సగమవుతుందనుకున్నాను నాన్నా. కాలేదు. రెండింతలైంది.

గోడమీది రాత చెరిపించి, మొదట రాసిందే రాయించాను. బకెట్టు, బుడగలు, పంచరు షాపు, అన్నీ ఉన్నాయి. ఇంటిపేరుతో సహా నీ పేరుంది. గది మధ్యలో ఒక అద్దాల పెట్టె ఖాళీగా పెట్టించాను. దాని కింద ఇలా ఉంది: "ఈ వాద్యాన్ని బతికించిన మొదటి రబ్బరు తిత్తి ఇక్కడ ఉండాలి. ఈ గది చరిత్ర రాసిన ఆయన కూతురు దాన్ని దాచింది, ఆ దాచడంలోనే పోగొట్టింది." చివరి మాట వద్దని మేడమ్ అంది. ఉండనివ్వండని బతిమాలాను. చూసినవాళ్లు గుసగుసలాడుకుంటారు. కొందరు నావైపు వేలు చూపిస్తారు. అలవాటు పడాలి.

బస్సు డ్రైవరు ఇల్లు కనుక్కుని వెళ్లి, నేనెవరో, ఏం చేశానో చెప్పాను. ఆవిడ కోపంతో తలుపు మూయబోయింది. మళ్లీ తీసి అటక ఎక్కింది. అట్టలు కట్టిన పాత తిత్తి ఒకటి దించి నా చేతిలో పెట్టి, "నీకు కాదు, బాబాయికి ఇస్తున్నా. మ్యూజియంలో పెట్టు. కానీ అద్దం వెనక పెట్టకు, పిల్లలు ఊదాలి" అంది. ఇప్పుడు అది ఖాళీ పెట్టె పక్కనే బల్లమీద ఉంది. బడి పిల్లలు ఊదుతుంటే గదంతా బాతుల గోలలా ఉంటోంది. మిగతావాళ్లు తమ తిత్తులు తెస్తామని కబురు పెడుతున్నారు.

అవెన్ని వచ్చినా నీది రాదు. ఇంకొకటి చేసివ్వమని నిన్ను అడగను. ఆ మాట అడిగే హక్కు నేను పోగొట్టుకున్నాను. ఫోనులో చెప్పాలని చాలాసార్లు తీశాను. నీ గొంతు వినగానే "కుళాయి కారుతోంది నాన్నా" అనేసేదాన్ని. అందుకే ఈ ఉత్తరం.

తిట్టాలనిపిస్తే ఫోను చేసి తిట్టు, ఎంతసేపైనా వింటాను. నువ్వు ఏమీ అనకుండా ఊరుకుంటేనే నాకు భయం. ఆ నలుగురినీ తీసుకుని వస్తావో, మానేస్తావో నీ ఇష్టం. వస్తే మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి ఉంటాను. ఎవరమ్మా ఈయన అని అడిగినవాళ్లకు చెబుతాను. అడగనివాళ్లను పిలిచి చెబుతాను.

ఇట్లు,
ఇన్నాళ్లూ ఆ మాట చెప్పుకోలేకపోయిన
నీ పెద్ద కూతురు